చివరిళ్ళ మీటర్లు

"ఈ సంతకం ఎవరిదండీ?" అని అడిగాడు వచ్చినతను. కూర్చోమంటే కూర్చోలేదు.

రిసెప్షన్ బల్ల మీద నాలుగు మడతలు పడి నలిగిన కాగితం పరిచి ఉంది. పక్కనే గోనెసంచి. అందులోంచి మీటర్ల మూతలు పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి. పిలిస్తే మేడ మీదనుంచి దిగివచ్చిన సూదమ్మ ఆ కాగితాన్ని దూరంనుంచే గుర్తుపట్టింది. మూడు వారాల కిందట తను నింపిన కొలతల రిపోర్టు నకలు.

"నాదే" అంది.

అతను ఆమెను పైనుంచి కిందికి చూశాడు. పోట్లాటకి సిద్ధమై వచ్చినట్టున్నాడు. తీరా చూస్తే ఎదురుగా కళ్ళజోడు తలమీదికి తోసుకుని, నీలం కోటు జేబుకి పట్టకారు తగిలించుకున్న నలభై ఏళ్ళ ఆడమనిషి. కాస్త తగ్గి మాట్లాడాడు.

"నేను మీటర్లు బిగించే ఫిట్టర్నండీ. నీటి సరఫరా ఆఫీసు తరఫున. మొన్న శుక్రవారం నన్ను మానిపించేశారు. ఎందుకయ్యా అంటే ఈ కాగితం చూపించారు."

సూదమ్మకి అర్థం కాలేదు. కాగితం తిప్పి చూసింది. పదకొండు మీటర్లు, పదకొండు చిప్పులు, పని లేక నిద్రపోయేటప్పుడు ఒక్కొక్కటి తాగే కరెంటు: ఒకటి పాయింట్ ఎనిమిది మైక్రోయాంపులు, ఒకటి పాయింట్ తొమ్మిది, మళ్ళీ ఒకటి పాయింట్ ఎనిమిది. అన్నీ హద్దులోనే ఉన్నాయి. అడుగున తన సంతకం.

"ఇందులో మీ గురించి ఏమీ లేదే!"

"లేదండీ. చిప్పు బాగుంది అని ఉంది. చిప్పు బాగుంటే పదేళ్ళు రావలసిన బ్యాటరీ పదమూడు నెలలకే ఎందుకు చచ్చిందీ అని వాళ్ళు లెక్క వేసుకున్నారు. కొత్త బ్యాటరీలు నేను కాజేసి పాతవి పెట్టానట." అతను గొంతు పెంచలేదు. "మీరు అబద్ధం రాయలేదు. కానీ నా నెత్తిన పడ్డది ఆ కాగితమే."

సూదమ్మ కాగితం మళ్ళీ మొదటినుంచి చదివింది. ఆ మీటర్లలో ఉండే చిప్పును ఈ కంపెనీలోనే తయారుచేశారు. వెంట్రుకంత సన్నటి సూదుల్ని చిప్పు కాళ్ళ మీద ఆనించి కరెంటు కొలవడం ఆమె పని. అందుకే కంపెనీలో అందరికీ ఆమె సూదమ్మ. పద్నాలుగేళ్ళలో ఆమె కొలత తప్పని ఎవరూ అనలేదు. ఇతనూ అనడంలేదు. అదే ఇబ్బందిగా ఉంది.

"ఒక్క సంగతి ఎవరికీ చెప్పినా చెవిన వేసుకోలేదండీ" అన్నాడు ఫిట్టర్, సంచిని కాలితో ముందుకి జరుపుతూ. "ఇవి మీరు చూసి తిప్పి పంపిన మీటర్లే, మానిపించినరోజు నాకే పారేశారు. చచ్చిపోయినవన్నీ చివరిళ్ళవే. వీధి మొగలో ఉన్నవి ఒక్కటీ పోలేదు. సందుల్లో, గోడల వెనక, వరసలో ఆఖరివి. అవే పోతున్నాయి."

"మరి ఆ మాట ఆఫీసులో చెప్పలేదా?"

"చెప్పాను. చివరిళ్ళయితే ఎవరూ చూడరు కదా, అందుకే అక్కడ తీశావన్నారు."

సంచి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. గేటు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మధ్యాహ్నం ఆమె మామూలుగానే పని చేసుకుంది. కాకపోతే ప్రతి చిప్పు దగ్గరా చెయ్యి ఒక క్షణం ఆగింది. పరీక్ష పద్ధతి గోడకి అంటించి ఉంటుంది: బ్యాటరీ పెట్టు, నిద్ర ఆజ్ఞ ఇవ్వు, పది సెకన్లు ఆగు, కొలువు, రాయి. పది సెకన్ల పద్ధతి ఆమె పెట్టింది కాదు. రోజుకి రెండు వందల చిప్పులు చూడాలంటే అంతకన్నా ఆగడం కుదరదు. సాయంత్రం కోటు విప్పి వంకెకి తగిలిస్తుంటే ఒకటి తట్టింది. ఫిట్టరు తెచ్చిన మీటర్లన్నీ బ్యాటరీ చచ్చి వచ్చినవే. చచ్చిన బ్యాటరీ తీసి కొత్తది పెట్టగానే చిప్పు అప్పుడే పుట్టినట్టు మొదలవుతుంది. జబ్బేదైనా ఉన్నా ఇక్కడికి వచ్చేసరికి నయమైపోయి ఉంటుంది. తను కొలిచింది రోగిని కాదు, బాగుపడ్డవాణ్ణి.

ఇంటికి వెళ్ళాక అన్నం వడ్డిస్తూ పరాకుగా అత్తగారి కంచంలో రెండుసార్లు ఒకే కూర వేసింది.

"ఏమిటమ్మాయ్, నన్ను మేపి కొవ్వెక్కిద్దామనా?" అంది అత్తగారు. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందత్తయ్యా. ఆఫీసులో ఒక గొడవ."

"ఎవరితో?"

"ఎవరితోనూ కాదు. చిప్పుతో. పడుకోమంటే పడుకుంటుంది గానీ, లోపల ఎక్కడో మేలుకునే ఉంటోందేమో అని అనుమానం."

అత్తగారికి కోడలి పని గురించి అడగడం సరదా. అర్థం కాకపోయినా ఆగకుండా అడుగుతుంది. సూదమ్మ కూడా విసుక్కోకుండా చెబుతుంది. చెబుతుంటే తనకే తెలిసివస్తుంది కాబట్టి.

"చిప్పులో క్లాకు అని ఒకటుంటుందత్తయ్యా. నాడి లాంటిదన్నమాట. సెకనుకి లక్షలసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా లోపల వేల స్విచ్చులు కదులుతాయి, కదిలినప్పుడల్లా కాస్త కరెంటు తాగుతాయి. పని లేనప్పుడు ఆ నాడి లోపలి గదుల్లోకి పోకుండా తలుపులు మూసేస్తారు. దాంతో ఖర్చు దాదాపు ఉండదు. మీటరు గంటకోసారి లేచి, ఎన్ని నీళ్ళు వాడారో వీధిలో ఉన్న పెట్టెకి రేడియోలో చెబుతుంది. అందింది అని పెట్టె జవాబిస్తే మళ్ళీ పడుకుంటుంది."

"జవాబు రాకపోతే?"

"కాసేపు చూసి పడుకుంటుంది."

"సరిగ్గా పడుకోబోతుంటే వస్తేనో? మన పక్కింటావిడ లేదూ, వెళ్ళొస్తానని లేచి చెప్పులు వేసుకుంటుంది. సరిగ్గా అప్పుడు నేను ఒక మాట అన్నానంటే చాలు, తలుపు పట్టుకుని గంటసేపు నిలబడుతుంది. ఆవిడ పోదు, నన్ను తలుపు వేసుకోనివ్వదు."

పక్కన తింటున్న భర్త పొరబోయి దగ్గాడు. సూదమ్మ నవ్వలేదు. గరిటె గిన్నెలో పెట్టేసి అత్తగారి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు ఆమె రోజువారీ పని పక్క బల్లావిడకి అప్పజెప్పి, సంచిలోంచి ఒక మీటరు తీసింది. మూత విప్పి, బ్యాటరీ తీగ కోసి, మధ్యలో కొలిచే పరికరాన్ని కలిపి రెండు టంకాలు వేసింది. గంటకోసారి లేచే మీటరుని నిమిషానికోసారి లేచేట్టు మార్చింది. జవాబిచ్చే రేడియో పెట్టెని కిటికీ పక్కన పెట్టి, మీటరుని తన బల్ల మీదే ఉంచి అరగంట చూసింది. లేచింది, చెప్పింది, జవాబు విన్నది, పడుకుంది. ఒకటి పాయింట్ ఎనిమిది. ముప్ఫైసార్లూ అంతే.

అప్పుడు మీటరుని, పరికరాన్ని ట్రే మీద పెట్టుకుని వరండాలోకి నడిచింది. అక్కడా అంతే. లిఫ్టు వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ జవాబులు కొన్ని అందలేదు గానీ నిద్రకి లోటు లేదు. చివరికి మెట్లు దిగి, అడుగు అంతస్తులో పాత కుర్చీలు పడేసే గది ఇనుప తలుపు వెనక స్టూలు వేసుకుని కూర్చుంది. చీపురు కోసం వచ్చిన ఆయా ఆమెను చూసి, "ఏంటమ్మా, ఎవరైనా శిక్ష వేశారా?" అని అడిగింది.

"నేనే వేసుకున్నాను" అంది సూదమ్మ, అంకెల మీదనుంచి చూపు తిప్పకుండా.

కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోయింది. నలభై ఒకటోసారి మీటరు లేచి పడుకున్నాక అంకె రెండు వందల అరవై దగ్గర ఆగిపోయింది. తీగ ఊడిందనుకుంది. వంగి చూసింది. టంకం గట్టిగానే ఉంది. మరో నిమిషం గడిచింది. మీటరు లేచింది, చెప్పింది, పడుకుంది. అంకె దిగలేదు. రెండు వందల అరవై మైక్రోయాంపులు. ఈ లెక్కన బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుందో వేళ్ళ మీద చూసుకుంది. ఏడాది పైన ఒక నెల.

బ్యాటరీ పీకి మళ్ళీ పెట్టింది. ఒకటి పాయింట్ ఎనిమిది. ఏమీ ఎరగనట్టు.

చిప్పులో నాడిని ఆపే భాగాన్ని రాసింది డిజైన్ విభాగం పెద్ద. సరిగ్గా తొమ్మిదింటికి వచ్చి సరిగ్గా ఆరింటికి వెళ్ళే మనిషి కావడంవల్లా, చేసే పని అదే కావడంవల్లా ఆయన్ని గడియారం సారు అంటారు. ఎదురుగా కాదు. గురువారం ఆయన పెద్ద మీటింగులో ఇదే భాగాన్ని కొత్త చిప్పు కోసం చూపించబోతున్నాడని అందరికీ తెలుసు. సూదమ్మ వెళ్ళేసరికి తెర మీద బొమ్మలు సర్దుకుంటున్నాడు.

ఆమె చెప్పింది విన్నాడు. కాగితం మీద గీతలు చూశాడు.

"పద్ధతిలో పది సెకన్లని ఉంది కదా. మిమ్మల్ని ఇంతసేపు చూడమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"జవాబు ఆలస్యంగా వచ్చే పరిస్థితి ఉండదు. ఆ గడువు నేనే లెక్కకట్టాను."

"మన గదిలో ఉండదు సార్. చివరిళ్ళలో ఉంది."

ఆయనకి ఆ మాట బోధపడలేదు. ఫిట్టరు సంగతంతా చెప్పి, పెట్టెకి దూరంగా గోడల చాటున ఉన్న ఇళ్ళకి జవాబు ఆలస్యంగా అందుతుందని వివరించింది. ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, "పదండి చూద్దాం" అని లేచాడు. అడుగు అంతస్తులో విరిగిన కుర్చీల మధ్య కూర్చోడానికి ఏమీ కనపడక, ఇస్త్రీ పాంటుతోనే మెట్టు మీద కూర్చున్నాడు.

గంట గడిచింది. ఒకటి పాయింట్ ఎనిమిది. ఒకటి పాయింట్ ఎనిమిది. సూదమ్మ కాగితం మీది గీతలు మళ్ళీ లెక్కపెట్టుకుంది. పొద్దున చూసింది నిజంగా చూశానా అని తనమీద తనకే అనుమానం వచ్చింది. ఆయన రెండుసార్లు చేతి గడియారం చూసుకున్నాడు. మూడోసారి లేచి పాంటు దులుపుకున్నాడు.

"ఇంకొక్క పది నిమిషాలు సార్."

"నాకు అవతల..."

ఆయన మాట పూర్తికాకుండానే మీటరు పడుకుంది. అంకె రెండు వందల అరవై మీద నిలబడింది.

ఆయన వంగి చూశాడు. తనే టంకాలు కదిపి చూశాడు. మరో రెండుసార్లు మీటరు లేచి పడుకునేదాకా అలాగే వంగి ఉన్నాడు. అంకె ఎక్కడిదక్కడే ఉంది. అప్పుడు మెల్లగా మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాడు.

"తలుపు మూసుకునే క్షణంలో జవాబు వచ్చింది" అన్నాడు, ఆమెతో కన్నా తనతోనే అనుకున్నట్టు. "రేడియో భాగం 'నాకు క్లాకు కావాలి' అని చెయ్యెత్తింది. మిగతా చిప్పంతా పడుకుంది. ఇక ఆ చెయ్యి దింపమని చెప్పేవాళ్ళు లేరు. చెయ్యి దిగేదాకా నాడి ఆగదు." ఆమె వైపు తిరిగి, "ఈ తలుపు నేనే రాశాను. ఇలా ఎప్పటికీ జరగదని పక్కన నోట్ కూడా పెట్టాను" అన్నాడు.

సూదమ్మకి ఆయన మీద జాలి కలిగింది. ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు.

"గురువారం దాటనివ్వండి" అన్నాడు లేస్తూ. "మీటింగు అయ్యాక నేనే అందరికీ చెబుతాను. రెండు రోజులేగా."

"ఫిట్టరుని శుక్రవారమే మానిపించారు సార్. బ్యాటరీలు దొంగిలించాడని వీధంతా చెప్పుకుంటున్నారట."

"అతనికి మన కంపెనీతో సంబంధం లేదు."

"నా సంతకంతో ఉంది సార్."

ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పైన తలుపు వేసుకున్న చప్పుడు వినిపించేదాకా ఆమె ట్రే పట్టుకుని అక్కడే నిలబడింది.

బుధవారం ఆమె ముందే ఆఫీసుకి వచ్చింది. కొలతల్లో పొరపాటు దొర్లితే రాసే సవరణ కాగితం ఒకటుంటుంది. పద్నాలుగేళ్ళలో అది వాడే అవసరం ఆమెకి రాలేదు. ఎక్కడుంటుందో తెలియక బీరువా అంతా వెతకాల్సి వచ్చింది. దాని మీద మొదటి వాక్యం నాలుగుసార్లు రాసి చింపేసింది. కొలత తప్పు అని రాస్తే అబద్ధం. కొలత తప్పు కాదు అని రాస్తే ఫిట్టరు దొంగే అవుతాడు. చివరికి ఇలా రాసింది: "మూడు వారాల కిందట నేనిచ్చిన కొలతలు నిజమైనవే. కానీ పది సెకన్ల కొలతతో మీటరు నిద్ర తెలియదు. ఆ రిపోర్టును ఆధారంగా తీసుకుని ఎవరి మీద నిర్ణయం చేసినా అది చెల్లదు." ఆ వాక్యాల కింద అడుగు అంతస్తులో చూసిన అంకెలు, ఎన్నిసార్లు చూసిందీ, ఏ తలుపు వెనక చూసిందీ వరసగా రాసి సంతకం పెట్టింది. తీసుకెళ్ళి కంపెనీ కార్యాలయంలో, నీటి సరఫరా ఆఫీసుకి వెళ్ళే కాగితాల ట్రేలో వేసింది. చేతులు తేలికగా అనిపించలేదు. ఇంటి అప్పు కంతులు ఆమె జీతంమీదే నడుస్తున్నాయి. గడియారం సారుతో వైరం పెట్టుకుని ఈ మేడ మీద నిలిచినవాళ్ళు ఇంతవరకు లేరు.

మధ్యాహ్నం పిలుపు వచ్చింది. కార్యాలయం గుమాస్తా కాగితాన్ని ఆమె ముందు పెట్టి, "డిజైన్ విభాగం చూసి తిప్పి పంపింది. ఇది ఇలాగే పంపమంటారా? ఒకసారి చూసుకోండి" అన్నాడు.

ఎవరో గీతలు కొట్టి ఉంటారనుకుంటూ చూసింది. తను రాసింది రాసినట్టే ఉంది. తన సంతకం కింద మరో చేతిరాతలో ఒకే వాక్యం: "కారణం: క్లాకును ఆపే భాగంలో నేను చేసిన పొరపాటు. ఇందులో మీటర్లు బిగించినవారి ప్రమేయం ఏమీ లేదు." దాని కింద గడియారం సారు సంతకం, పక్కన వేళ. ఉదయం తొమ్మిది గంటల నాలుగు నిమిషాలు.

"ఇలాగే పంపండి" అంది సూదమ్మ.

వరండాలో ఆయన ఎదురుపడ్డాడు. ఇద్దరూ ఆగారు. "నిద్రకి ముందు ఆ చెయ్యి దింపించే ఆజ్ఞ ఒకటి రాస్తున్నాను" అన్నాడాయన. "చిప్పు మార్చక్కర్లేదు. చిన్న యంత్రాన్ని మీటరుకి ఆనిస్తే లోపలికి వెళ్ళిపోతుంది. రేపటి మీటింగులో కూడా ఇదే చూపిస్తాను. నా బొమ్మలకన్నా ఇదే పనికొస్తుంది." అని తలవంచుకుని వెళ్ళాడు. తాను ముందురోజు అన్న మాట ఆయన ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

శుక్రవారం సాయంత్రం సూదమ్మ ఫిట్టరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మళ్ళీ పనిలోకి రమ్మని ఆఫీసువాళ్ళు రాసిన ఉత్తరం అప్పటికే అతనికి చేరింది. గుమ్మంలో కూర్చుని కొళాయికి వాషరు మారుస్తున్నాడు. అతని భార్య మంచినీళ్ళిచ్చి, పక్కనే నిలబడింది.

"ఉత్తరం అందిందిగా అన్నా?" అంది సూదమ్మ. శుభవార్త మోసుకొచ్చినదానిలా ఆమె మొహం వెలిగిపోతోంది.

"అందిందండీ."

"సోమవారంనుంచి వెళ్తారుగా మరి?"

అతను వాషరు వేలితో నొక్కి చూశాడు. "వెళ్ళనండీ."

సూదమ్మ మొహం చిన్నబోయింది. అతని భార్య అందుకుంది. "ఉత్తరం ఈయన చదువుకుంటే సరిపోతుందా అమ్మా? ఆ సందుల్లో ఇన్నేళ్ళుగా తిరిగిన మనిషి. ఆఫీసువాళ్ళు ఈయన్ని దొంగ అని ప్రతి ఇంట్లోనూ చెప్పి, సంతకాలు తీసుకున్నారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆ గేట్లు తడతాడు? తడితే తీసేదెవరు?"

"మీరొచ్చి చెబుతారా?" అన్నాడు ఫిట్టరు, కొళాయి మీదనుంచి తల ఎత్తకుండానే. "మీటర్లన్నిటికీ ఆ కొత్త ఆజ్ఞ ఎక్కించాలట కదా. చివరిళ్ళు నలభై ఆరు. నేను ఎక్కిస్తాను. మీరు గేటు దగ్గర చెప్పండి."

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే సూదమ్మకి చచ్చేంత భయం. అందుకే సూదులతో పని చేసుకుంటోందేమో కూడా. ఆఫీసునుంచి ఎవరినైనా పంపిస్తానని నోటిదాకా వచ్చింది.

"రేపు సెలవే. ఎన్నింటికి రమ్మంటారు?" అంది.

మొదటి ఇల్లు సందు చివర, ఎత్తు గోడ వెనక ఉంది. బెల్లు కొడితే ఒకావిడ గేటు సగం తీసి, ఫిట్టరుని చూసి మళ్ళీ మూయబోయింది.

"మళ్ళీ వచ్చావా? ఈసారి ఏం పట్టుకుపోదామని?"

ఫిట్టరు పక్కకి జరిగాడు. సూదమ్మకి రాత్రంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"మీ మీటరు బ్యాటరీ ఇతను తియ్యలేదండీ. లోపల చిప్పు తినేసింది. ఆ చిప్పు మా కంపెనీది. బాగుందని సంతకం పెట్టింది నేను."

ఆవిడ ఆమెను ఎగాదిగా చూసింది. "మీరా?"

"నేనే. సరిగ్గా చూడకుండా పెట్టాను. దానివల్ల ఇతని పని పోయింది, పరువు పోయింది."

ఆవిడ గేటు పూర్తిగా తీసింది. మీటరు మూత మీద పెట్టిన పూలకుండీని రెండు చేతులతో పక్కకి జరిపింది. ఫిట్టరు గొంతుక్కూర్చుని, మూత ఎత్తి, యంత్రాన్ని మీటరుకి ఆనించాడు. పచ్చలైటు వెలిగింది. మూత మూసి, మట్టి తుడిచి, కుండీని ఎక్కడిదక్కడ పెట్టాడు. వాళ్ళు వెళ్తుంటే ఆవిడ వెనకనుంచి, "ఎండగా ఉంది, మంచినీళ్ళేమైనా తాగుతారా?" అంది. ఇద్దరిలో ఎవరిని అడిగిందో చెప్పలేం. ఫిట్టరే తాగుతానన్నాడు.

పదో ఇంటికి వచ్చేసరికి సూదమ్మ మాటలు నాలుగు వాక్యాలనుంచి రెండుకి తగ్గాయి. కొందరు సరేనన్నారు. కొందరు ఆమెను తిట్టారు. ఒకాయన ఆమె చెప్పింది మొత్తం విని, తన ఫ్రిజ్ కూడా చూసి పెట్టమన్నాడు. ఇంకొకావిడ తలుపు తియ్యనే లేదు. ఆ ఇంటి ఎదురుగా ఫిట్టరు చాలాసేపు నిలబడి, చీటీలో సున్నా చుట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఒక ముసలాయన గేటు బార్లా తీసి, ఫిట్టరు భుజం మీద చెయ్యి వేసి మరీ లోపలికి తీసుకెళ్ళాడు. సూదమ్మ నోరు తెరిచేలోపే అందుకున్నాడు.

"నాకు తెలుసమ్మా, నాకు మొదటినుంచీ తెలుసు. ఇతను అలాంటివాడు కాదని నేను అందరితో చెబుతూనే ఉన్నాను. నా మాట విన్నదెవరు?"

ఫిట్టరు కిమ్మనకుండా పని ముగించుకున్నాడు. పచ్చలైటు వెలిగింది. ముసలాయన వీధి మలుపుదాకా వచ్చి సాగనంపాడు.

"పోనీలెండి, మీ తరఫున మాట్లాడినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారు" అంది సూదమ్మ, మలుపు తిరిగాక.

ఫిట్టరు ఆగి, గోడకి చెయ్యి ఆనించి, ఆ వారంలో మొదటిసారిగా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, "నా మీద మొట్టమొదట ఫిర్యాదు రాసింది ఆయనేనండీ" అన్నాడు.

సూదమ్మకి ఒళ్ళు మండిపోయింది. అంతవరకు లేని ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో, గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఉండండి, వెళ్ళి మొహం మీదే అడిగొస్తాను."

"వద్దమ్మా." అతను సంచి భుజానికెత్తుకున్నాడు. "తన నోటితో తనే మాట మార్చుకున్నాడు. రేపటికి ఈ వీధంతా అదే చెబుతాడు. మీకన్నా ఆయన నోరే పెద్దది. పదండి, ఆ వరసలో ఇంకా ఏడిళ్ళున్నాయి."